ఉప్పుగాలిలో తిరిగే జీపు: తుప్పు రాకుండా చూడడం, వచ్చినదాన్ని బాగుచేయడం

మా జీపు వెనక ఎడమ చక్రం దగ్గర, కమాను కట్టను (ఉక్కు పట్టీల స్ప్రింగును) ఛాసిస్‌కి, అంటే బండి అడుగున ఉండే ఇనుప చట్రానికి, పట్టి ఉంచే బ్రాకెట్ పక్కన, స్క్రూడ్రైవర్ మొన పెట్టి కాస్త గట్టిగా నొక్కాను. పిడి దాకా దిగిపోయింది. దానికి రెండేళ్ళ ముందే ఒక షెడ్డులో డబ్బులు పోసి అడుగంతా నల్లటి అండర్‌బాడీ కోటింగ్ కొట్టించాను. ఆ నలుపు మాత్రం చెక్కుచెదరలేదు, నిగనిగలాడుతూనే ఉంది. టింకరింగ్ మేస్త్రి కిందికి దూరి చూసి, "ఇనుం పోయిందండి బాబూ, రంగొక్కటే నిలబడుందండి" అన్నాడు.

అడుగు శుభ్రంగా గోకించకుండా, కడిగి ఆరబెట్టకుండా, ఉన్న తుప్పు మీదే కోటింగ్ వేయించాను. లోపలి చెమ్మ బయటికి రాలేదు, బయటి నుంచి చూసే నాకు ఏమీ కనపడలేదు. ఆ రెండేళ్ళూ బండి నాకు తెలియకుండా లోపల్లోపలే అరిగిపోయింది. అందుకే ఇక్కడ రంగుల సంగతి చివర్లో వస్తుంది. నీళ్ళు ఎక్కడ ఆగుతున్నాయి, ఎలా బయటికి పోవాలి అన్నదే ముందు.

మాది నరసాపురం వైపు రొయ్యల చెరువుల మధ్య తిరిగే 1990ల నాటి డీజిల్ జీపు. మీది బొలెరో కావచ్చు, థార్ కావచ్చు, జిప్సీ కావచ్చు. ఇవన్నీ ఛాసిస్ మీద బాడీ కూర్చోబెట్టిన బండ్లే కాబట్టి పద్ధతి దాదాపు ఒకటే.

ముందు ఉప్పు సంగతి

ఇనుము తుప్పు పట్టాలంటే నీరు, గాలి చాలు. ఉప్పు తోడైతే ఆ పని చాలా జోరుగా సాగుతుంది. పైగా ఉప్పు గాలిలోని చెమ్మని లాక్కుంటుంది. వానాకాలంలో వంటింట్లో ఉప్పు జాడీ ఎలా చెమ్మగిల్లుతుందో, ఛాసిస్ మూలల్లో పేరుకున్న ఉప్పు మట్టి కూడా అలాగే చెమ్మగిల్లుతుంది. బండి షెడ్డులో ఉన్నా, వారం రోజులుగా వాన పడకపోయినా దాని అడుగు తడిగానే ఉంటుంది.

సముద్రపు నీటిలో లీటరుకి సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. పేరుపాలెం బీచి ఇసుకలో అలల అంచున ఒక్క రౌండు కొడితే చాలు, అది అడుగంతా పూసుకుంటుంది. కానీ సరదాగా బీచికి వెళ్ళే బండ్ల కంటే పని బండ్లకే దెబ్బ ఎక్కువ. పట్టుబడి రోజున, అంటే చెరువులో రొయ్యలు పట్టే రోజున, ట్రేల నుంచి కారే ఐసు నీళ్ళు వెనక ఫ్లోరు మీద నిలిచిపోతాయి. అంతకంటే పాడు సరుకు బ్లీచింగ్ పౌడర్. చెరువు శుద్ధికని బస్తా వేసుకొస్తాం, గతుకుల్లో అది కాస్త ఒలుకుతుంది, రబ్బరు మ్యాటు కిందికి చేరుతుంది. ఒక సీజన్ గడిచాక మ్యాటు ఎత్తి చూడండి. బ్లీచింగ్ ఎక్కించాల్సి వస్తే అడుగున మందపాటి ప్లాస్టిక్ ట్రే పరవండి, దించిన రోజే ఫ్లోరు కడిగేయండి.

కడగడం కూడా ఒక విద్యే

ఉప్పు తగిలిన రోజే బండి కడగాలి. దేనితో కడుగుతున్నారో కూడా చూసుకోవాలి. తీరప్రాంతపు ఊళ్ళలో చాలా చోట్ల బోరు నీళ్ళే ఉప్పన. ఆ నీళ్ళతో ప్రెషర్ సర్వీసింగ్ చేయిస్తే, ఉప్పుని మరింత బలంగా సందుల్లోకి కొట్టినట్టే. ఒక చుక్క నాలుక మీద వేసుకుంటే సగం తెలిసిపోతుంది. చెరువులున్న వాళ్ళ ఇంట్లో నీటిలో ఉప్పు కొలిచే సెలినిటీ మీటరు ఎలాగూ ఉంటుంది, అందులో చూసుకోండి. గోదావరి కాలువ నీళ్ళో, పంచాయతీ కుళాయి నీళ్ళో పట్టుకొచ్చుకుని కడిగితే మేలు. బండిని మాత్రం కాలువలోకి దించకండి. ఆయిలు, గ్రీజు నీళ్ళలో కలుస్తాయి, ఆ నీళ్ళు తాగేవాళ్ళున్నారు.

మామూలు తోట పైపు చాలు. చక్రాల పైన మడ్‌గార్డు లోపలి అంచులు, కమాను కట్టల మీద, డీజిల్ ట్యాంకు పైభాగం, ముందు బంపరు వెనక ఛాసిస్ కొసలు, ఇలా ఒక్కో చోటా నిదానంగా నీళ్ళు పారించండి. ఛాసిస్ పెట్టెలా మూసి ఉన్న చోట రంధ్రాలుంటాయి. పైపు మూతి అక్కడ ఆనించి లోపలికి నీళ్ళు వదిలితే కింది రంధ్రంలోంచి మొదట ఎర్రటి బురద, తరవాత ఇసుక, ఆ తరవాత తేట నీళ్ళు వస్తాయి. తేట నీళ్ళు వచ్చేదాకా ఆపకండి. కింద అసలేమీ రావడం లేదంటే రంధ్రం పూడిపోయింది. ఒక మొద్దు తీగతో పొడిచి తెరవండి. ఈ ఒక్క పని క్రమం తప్పకుండా చేస్తే మిగతా సగం పనులు అక్కర్లేదని నా నమ్మకం.

కడిగిన వెంటనే టార్పాలిన్ కప్పేయకండి. నాలుగు కిలోమీటర్లు తిప్పి, ఎండలో డోర్లు తీసి ఉంచండి. ఫ్లోరు మ్యాట్లు బయట ఆరేయండి.

అడుగు చూడడం

కనీసం ఏడాదికి రెండుసార్లు, మే నెలలో వానలకు ముందూ, తుపాన్ల కాలం గడిచాక డిసెంబరు చివర్లోనూ, ఒక పూట దీనికి కేటాయించండి. బండిని గట్టి నేల మీద జాకీతో ఎత్తి, స్టాండ్ల మీద నిలపండి. ఇటుకల మీదా, కొబ్బరి మొద్దుల మీదా నిలిపిన బండి కిందికి దూరకండి. కావలసినవి టార్చి, చిన్న సుత్తి, పాత స్క్రూడ్రైవర్, కళ్ళద్దాలు. పై నుంచి రాలే పెచ్చు కంట్లో పడితే ఆ రోజుకి పని అయిపోయినట్టే.

సుత్తితో ఛాసిస్ పొడవునా మెల్లగా కొడుతూ పోండి. గట్టి ఇనుము గుడిగంట బాపతులో ఖంగుమంటుంది. పోయిన ఇనుము తడి కుండ మీద కొట్టినట్టు చప్పగా, మొద్దుగా పలుకుతుంది. ఆ తేడా చెవికి చిక్కడానికి పది నిమిషాలు చాలు. శబ్దం మారిన చోటల్లా సుద్దముక్కతో గుర్తు పెట్టి, స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడండి.

రంగు పొక్కినట్టు కనిపిస్తే దాన్ని చిన్నచూపు చూడకండి. తుప్పు ఇనుము కంటే చాలా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, అందుకే రంగుని పైకి ఎత్తుతుంది. పైన చింతగింజంత పొక్కు కనిపిస్తోందంటే కింద రూపాయి బిళ్ళంత వ్యవహారం నడుస్తోందని లెక్కేసుకోండి.

తుప్పుకి ఎక్కువగా పట్టు దొరికేది ఎక్కడంటే, డ్రైవరు కాళ్ళ కింద ఫ్లోరు, ముందు అద్దం ఫ్రేము కింది అంచు, డోర్ల అడుగు మడత, వెనక బల్ల కింది పెదవి, బాడీ ఛాసిస్ మీద కూర్చునే రబ్బరు దిమ్మల చుట్టూ, బ్యాటరీ ట్రే. బ్యాటరీ దగ్గర చెమ్మతోపాటు ఆమ్లం కూడా పనిచేస్తుంది. వంట సోడా కలిపిన నీళ్ళతో ఆ ట్రే కడిగితే నురగ వస్తుంది. నురగ ఆగేదాకా కడగండి, బ్యాటరీ లోపలికి మాత్రం ఒక్క చుక్క పోనివ్వకండి.

ఫ్లోరు మీద అందానికని చెకర్డ్ అల్యూమినియం ప్లేటు రివెట్లు కొట్టించుకున్నవాళ్ళు ఒకసారి అది ఊడదీసి చూడండి. ప్లేటుకీ రేకుకీ మధ్య నీరు చేరితే ఎండే దారి లేదు. ఉప్పు నీళ్ళలో అల్యూమినియం, ఇనుము ఒకదాన్నొకటి తాకుతుంటే అల్యూమినియం తెల్లటి పొడిలా రాలిపోతుంది కూడా. పాత జీపు కొనేటప్పుడు నేను మొదట చూసేది ఆ ప్లేటు కిందే. అమ్మేవాడు ఊడదీయనివ్వకపోతే నేను ధర తగ్గించమంటాను.

ఏది మన పని, ఏది మేస్త్రి పని

గోకితే పొడిలా రాలి, కింద మెరిసే లోహం కనిపిస్తే అది పై తుప్పు. ఆదివారం పూట మీరే చేసుకోవచ్చు. పెచ్చులు పెచ్చులుగా ఊడుతూ, గోకాక లోహం మీద గుంటలు గుంటలుగా మిగిలితే అది లోతు తుప్పు. బాడీ రేకులోనైతే ఓపికుంటే మీరే చేయొచ్చు. చిల్లు పడితే వెల్డింగ్ తప్పదు.

ఛాసిస్, కమాను బ్రాకెట్లు, స్టీరింగ్ బాక్సు బిగించిన చోటు, సీటు బెల్టు బోల్టులు ఉండే చోట్లలో గుంటలు కనిపించినా సరే, అనుభవం ఉన్న మేస్త్రికి చూపించండి. అవి బండిని నిలబెట్టేవి, మనల్ని బతికించేవి. ఛాసిస్ వెంబడి పోయే బ్రేకు పైపుల మీద గుంటలు పడితే గోకి రంగు వేయడం కుదరదు, కొత్త పైపు వేయించాల్సిందే. కమాను కట్టల్ని ఇరుసుకి బిగించే యూ-బోల్టులు కూడా అంతే, మార్చేయండి.

గోకడం

ముందు బ్యాటరీ తీగలు తీసేయండి. విప్పాల్సిన బోల్టులకి ముందురోజు రాత్రే తుప్పు వదిలించే పలచటి ఆయిల్ పట్టించండి. తెల్లారాక బిగించే వైపు కొద్దిగా కదిపి, ఆ తరవాత విప్పే వైపు తిప్పండి. ఒక్క ఊపున లాగితే తల తెగి చేతిలోకి వస్తుంది, ఆ మిగిలిన ముక్కని డ్రిల్లు చేసి తీయడానికి ఒక పూట పోతుంది. చిన్న నట్లు, వాషర్లు నీళ్ళలో నిమ్మ ఉప్పు కలిపి అందులో రాత్రంతా నానబెట్టొచ్చు. పొద్దున్నే బ్రష్‌తో రుద్ది, వంట సోడా నీళ్ళలో ముంచి, కడిగి, ఆరబెట్టి, ఆయిల్ రాయండి. కమాన్లు, బరువు మోసే గట్టి బోల్టులు మాత్రం ఆమ్లంలో వేయకండి, పెళుసుబారే ప్రమాదం ఉంది.

నాలుగంగుళాల గ్రైండర్‌కి వైర్ కప్పు బ్రష్ తగిలించి పెచ్చులు ఊడగొట్టండి. తరవాత 80 నంబరు ఫ్లాప్ డిస్కు (ఎమరీ ముక్కలు పేర్చిన చక్రం) వాడండి. రేకు మీద దాన్ని ఒకే చోట నిలపకండి, అరిగి పలచబడుతుంది. వైర్ బ్రష్ తీగలు ఊడి సూదుల్లా ఎగురుతాయి, కాబట్టి ముఖానికి షీల్డు, చేతులకి తోలు గ్లవ్స్, ముక్కుకి మాస్కు ఉండాలి. లుంగీతో ఈ పని చేయకండి. బ్రష్ లుంగీ అంచుని చుట్టుకుంటే గ్రైండర్ తొడ మీదికి వస్తుంది.

బాగున్న రంగు అంచు దాకా కాదు, దాన్ని దాటి ఇంకో అంగుళం గోకాలి. తుప్పు రంగు కింద వేరులా పాకి ఉంటుంది. గోకాక గుంటల అడుగున నల్లటి చుక్కలు మిగులుతాయి. వాటిలోనే ఉప్పు దాక్కుని ఉంటుంది. మంచినీళ్ళు పోసి గట్టి బ్రష్‌తో రుద్ది, తుడిచి, ఆరబెట్టి, మళ్ళీ ఒకసారి అదే చేయండి. ఇప్పుడే గోకిన ఇనుము మీద నీళ్ళేంటని మా మేస్త్రి నవ్వాడు. కానీ ఉప్పు మిగిలితే ఎంత ఖరీదైన ప్రైమరైనా మళ్ళీ పొక్కుతుంది. కడిగినందువల్ల వచ్చే పలచటి పసుపు తుప్పు ఎమరీ పేపరుతో రెండు రుద్దులకి పోతుంది.

చేతికి అందని గుంటలకి ఫాస్ఫారిక్ ఆమ్లంతో చేసిన రస్ట్ కన్వర్టర్ బ్రష్‌తో పట్టించండి. ఎర్రటి తుప్పు నల్లగా మారుతుంది. ఊడిపోయే పెచ్చుల మీద పూస్తే ప్రయోజనం లేదు, గట్టిగా అంటుకున్న దాని మీదే అది పనిచేస్తుంది. కొన్ని ఎపాక్సీ ప్రైమర్లకి ఆ ఆమ్లం పడదు కాబట్టి రెండు డబ్బాల మీదా రాసింది చదివాకే కొనండి. బాత్‌రూములు కడిగే యాసిడ్ మాత్రం వాడకండి. తుప్పుని తినేస్తుంది, నిజమే. కానీ అందులోని క్లోరైడ్ ఇనుములో మిగిలిపోయి, వారంలో మళ్ళీ తుప్పు రేపుతుంది.

అతుకు వేయించేటప్పుడు

చిల్లు మీద ఒక రేకు పెట్టి చుట్టూ అంటించేస్తే పని తొందరగా అవుతుంది. కానీ రెండు రేకుల మధ్య సందులో మళ్ళీ నీరు చేరుతుంది. పోయిన భాగాన్ని గట్టి లోహం తగిలేదాకా కోయించి, సరిగ్గా అదే కొలతకి ముక్క చేయించి, అంచుకి అంచు కలిపి వెల్డింగ్ చేయించండి. ముక్క మూలలు గుండ్రంగా ఉండాలి, పదునైన మూలల దగ్గర పగులు మొదలవుతుంది. ఫ్లోరుకి 18 గేజి, అంటే సుమారు 1.2 మిల్లీమీటర్ల రేకు బాగానే సరిపోతుంది.

పలచటి రేకుకి సీఓటూ వెల్డింగ్ (గ్యాస్ వదులుతూ సన్నని తీగతో చేసేది) మంచిది, మామూలు ఆర్క్ వెల్డింగ్ దాన్ని కాల్చి కొత్త చిల్లులు పెడుతుంది. ఒకేసారి గీత లాగనివ్వకండి. ఇక్కడొక చుక్క, అక్కడొక చుక్క పెట్టి, చల్లారనిచ్చి, మధ్యలో నింపుకుంటూ రావాలి. లేదంటే రేకు అప్పడంలా వంకర్లు తిరుగుతుంది. మేస్త్రి జీఐ రేకు తెస్తే వెల్డింగ్ పడే అంచుల్లో జింకు పూత గ్రైండ్ చేయమనండి, ఆ తెల్లటి పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం వస్తుంది. ట్యాంకు దగ్గర పనైతే ట్యాంకు దించేయాల్సిందే. పక్కన తడి గోనెసంచి, నీళ్ళ బకెట్టు, మంటలార్పే సిలిండరు ఉండాలి.

ప్రైమరు, లప్పం, రంగు

సముద్రం దగ్గర గోకిన ఇనుముని రాత్రికి వదిలేస్తే తెల్లారేసరికి పసుపు రాసినట్టు అవుతుంది. కాబట్టి ఎంత గోకితే అంతకి అదే రోజు, వీలైతే మధ్యాహ్నం ఎండ ఉండగానే ప్రైమరు పడాలి. మొత్తం బండి ఒకేసారి గోకి కూర్చోకండి.

రెడాక్సైడ్ ప్రైమరు చవక, అందరికీ అలవాటు. ఇంటి గేటుకి చాలు. బండి అడుగుకి రెండు డబ్బాలు కలిపి వాడే ఎపాక్సీ ప్రైమరే వేయండి. డబ్బా మీద ఇచ్చిన పాళ్ళలో కలపాలి, కలిపాక గడువులోగా వాడేయాలి. చల్లారిన వెల్డింగు గీతల మీద, అంచుల మీద ముందుగా బ్రష్‌తో ఒక పూత వేసి, తరవాత అంతటికీ రెండు పూతలు వేయండి. స్ప్రే మాత్రమే చేస్తే అంచుల దగ్గర పూత పలచబడుతుంది.

లప్పం నేరుగా ఇనుము మీద పెట్టనివ్వకండి, అది చెమ్మ పీలుస్తుంది. ఎపాక్సీ మీద పలచగా పెట్టాలి. చిల్లుని లప్పంతో పూడ్చే మేస్త్రి దగ్గర మర్యాదగా బండి తాళం వెనక్కి తీసుకోండి. రేకులు కలిసే గీతల్లో సీమ్ సీలెంట్ నింపి, ఆ మీద పీయూ (పాలీయురేథేన్) రంగు వేయించండి.

పెట్టెల లోపల, అడుగున

రంగు బాగా గట్టిపడ్డాక, లోపలి భాగాల పని. ఛాసిస్ పెట్టెల్లోకి, డోర్ల లోపలికి కావిటీ వ్యాక్స్ (బోలు భాగాల్లో చిమ్మే మైనం) కొట్టించాలి. పొడవాటి సన్నని గొట్టం చివర చుట్టూ చిమ్మే ముక్కు ఉంటుంది, దాన్ని కొస దాకా తోసి, ట్రిగ్గర్ నొక్కి మెల్లగా వెనక్కి లాగుతూ రావాలి. లోపల కడిగి, రెండు మూడు రోజులు మంచి ఎండలో ఆరాకే ఈ పని. నీళ్ళు పోయే రంధ్రాలకి ముందే అగ్గిపుల్లలు గుచ్చి ఉంచి, తరవాత పీకేయండి, వ్యాక్స్ వాటిని మూసేయకూడదు.

బయటి అడుగుకి గట్టిపడే నల్ల కోటింగ్ కంటే జిడ్డుగా ఉండిపోయే వ్యాక్స్, లానోలిన్ (గొర్రె ఉన్ని జిడ్డు) రకాలే నాకు నచ్చుతాయి. మట్టి అంటుకుంటుంది, చూడ్డానికి బాగోదు, ఏటా మళ్ళీ పూయాలి. కానీ గీత పడితే అది పాకి కప్పుకుంటుంది, కింద ఏం జరుగుతోందో కనిపిస్తుంది. నల్ల కోటింగే కావాలంటే కొత్త బండికో, పైన చెప్పిన పనంతా అయిన బండికో వేయించండి.

ఇంజన్లోంచి తీసిన కాలిన ఆయిల్ చిమ్మే పాత అలవాటు ఒకటుంది. తుప్పుని కొంత ఆపుతుంది, కాదనను. కానీ రబ్బరు బుష్‌లు ఉబ్బిపోతాయి, బ్రేకుల మీద పడితే ప్రాణం మీదికొస్తుంది, చెరువు గట్టున చుక్కలు చుక్కలుగా కారి వానకి నీళ్ళలో కలుస్తుంది. మన రొయ్యలకి మనమే విషం పోసినట్టు అవుతుంది.

ఇక ముందు బంపరు, విన్చ్ (దిగబడ్డ బండిని తాడుతో లాగే యంత్రం), ఫాగ్ లైట్లు బిగించుకుంటూ ఎక్కడ కొత్త రంధ్రం వేసినా, బోల్టు దూర్చకముందే దాని అంచుకి చిన్న బ్రష్‌తో ప్రైమరు పెట్టండి.

ఒక్క చోట మాత్రం ఇవేవీ చేయకండి. ఛాసిస్ మీద నంబరు చెక్కి ఉన్న చోట గ్రైండర్ ఆనించవద్దు, లప్పం పెట్టవద్దు, మందంగా రంగు వేయవద్దు. మెత్తటి బ్రష్‌తో తుడిచి, గ్రీజు పూసి, ఒక టేపు ముక్క అంటించి ఉంచండి. 15 ఏళ్ళు దాటిన సొంత బండికి ఆర్‌సీ రెన్యువల్‌కి వెళ్ళినప్పుడు ఆ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్ రుద్దుతారు. అంకెలన్నీ కాగితం మీద స్పష్టంగా పడాలి.